జింకల వేట నిబంధనలు ఎవరి మాట వింటాయి? విస్కాన్సిన్ సర్వేలు చెప్పేవి, చెప్పలేనివి

క్లుప్తంగా: అమెరికాలో జింకల వేట నిబంధనలు రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో ఉంటాయి. వాటిని మార్చే ముందు చాలా రాష్ట్రాలు వేటగాళ్ల అభిప్రాయం సేకరిస్తాయి. అడవిలో ఎన్ని జింకలు ఉండాలో ఆ సర్వేలు తేల్చలేవు. ఏ నిబంధన పెడితే వేటగాళ్లు పాటిస్తారు, దేనికి ఎదురు తిరుగుతారు అన్నది మాత్రం ముందే పసిగట్టగలవు. ఈ రెండింటినీ కలిపేసి చూడటం వల్ల వచ్చే చిక్కులకు విస్కాన్సిన్ రాష్ట్రం మంచి ఉదాహరణ.

మన దేశంలో జింకను చంపితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు, జైలు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణది. ఇక్కడ పెరిగి అమెరికా వెళ్లిన తెలుగువారికి నవంబరులో సహోద్యోగులు సెలవు పెట్టి, నారింజ రంగు జాకెట్లు వేసుకుని, తుపాకులతో అడవి దారి పట్టడం వింతగానే తోస్తుంది. అంతకంటే వింత ఏప్రిల్‌లో కనిపిస్తుంది. ఆ వేటగాళ్లనే ప్రభుత్వం పిలిచి, రాబోయే సీజన్లలో నిబంధనలు ఎలా ఉండాలో ఓటేయమంటుంది. ఆ ఓటు విలువెంత, దాన్ని ఎందుకు అడుగుతారు అనే ప్రశ్నలపై అక్కడి వేటగాళ్లకే ఏకాభిప్రాయం లేదు.

వేటగాడే ఖర్చు, వేటగాడే పనివాడు

1900 ప్రాంతంలో అమెరికాలో తెల్లతోక జింకలు ఐదు లక్షల లోపే మిగిలాయి. మాంసం, తోలు కోసం మార్కెట్ వేటగాళ్లు ఏడాది పొడవునా కాల్చేవారు. అడవులూ నరికేశారు. 1900లో వచ్చిన లేసీ చట్టం, అక్రమంగా వేటాడిన జంతువులను రాష్ట్రాల సరిహద్దులు దాటించి అమ్మడాన్ని నేరం చేసింది. రాష్ట్రాలు సీజన్లు, లైసెన్సులు పెట్టాయి. ఇప్పుడు తెల్లతోక జింకల సంఖ్య సుమారు మూడు కోట్లని అంచనా.

ఈ వ్యవస్థకు డబ్బు ప్రధానంగా వేటగాళ్ల నుంచే వస్తుంది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్లు, తూటాలపై వేసే 11 శాతం ఎక్సైజ్ పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతుంది. అయితే ఒక షరతు ఉంది. లైసెన్సు ఫీజుల సొమ్మును రాష్ట్రం వేరే పనులకు మళ్లించకూడదు. శాఖ ఎక్కువగా ఆ సొమ్ము మీదే నడుస్తుంది కాబట్టి లైసెన్సులు తగ్గితే దాని బడ్జెట్టే తగ్గుతుంది.

డబ్బు సంగతి పైకి కనిపించేదే. అసలు విషయం మరొకటి ఉంది. తోడేళ్లు, ప్యూమాలు చాలాచోట్ల మాయమయ్యాక, పెద్ద ఎత్తున జింకల సంఖ్యను తగ్గించగలిగేది వేటగాళ్లే. ప్రభుత్వం కాగితంపై కోటా రాస్తుంది, ట్రిగ్గర్ నొక్కాల్సింది మాత్రం లైసెన్సు కొన్న మనిషి. అతను జీతగాడు కాడు. ఇష్టం లేకపోతే ఇంట్లో కూర్చుంటాడు, లేదా అడవికి వెళ్లి కూడా కాల్చడు. కాబట్టి వేటగాడు ఏమనుకుంటున్నాడో తెలుసుకోవడాన్ని మర్యాద కోసం చేసే పనిగా కొట్టిపారేయలేం. ఆ సంగతి తెలియకుండా వేసిన కోటా నిండదు.

గొడవంతా ఆడ జింక దగ్గరే

జింకల వేటలో దాదాపు ప్రతి వివాదం తిరిగి తిరిగి ఒకచోటికే చేరుతుంది: ఆడ జింకను కాల్చాలా, వద్దా?

మంచి మేత ఉన్నచోట ఈడొచ్చిన ఆడ జింక ఏటా మామూలుగా రెండు పిల్లల్ని ఈనుతుంది. ఒక మగ జింక ఎన్నో ఆడవాటితో జతకడుతుంది. మగవాటిలో చాలా భాగాన్ని కాల్చేసినా మరుసటి వసంతంలో పుట్టే పిల్లల సంఖ్య పెద్దగా తగ్గదు. సంఖ్య తగ్గాలంటే ఆడవాటిని కాల్చాలి. నిబంధనల భాషలో వీటిని 'కొమ్ముల్లేని జింకలు' అంటారు. ఆడ జింకలతో పాటు, ఇంకా కొమ్ములు రాని మగ పిల్లలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. శాఖ చేతిలో ఉన్న బలమైన మీట ఈ కొమ్ముల్లేని జింకల పర్మిట్ల సంఖ్యే.

వేటగాళ్ల సంప్రదాయం సరిగ్గా దీనికి ఎదురుగా ఉంటుంది. జింకలు కరువైన కాలంలో "ఆడదాన్ని కాల్చకూడదు" అన్నది నియమం. తాతల నుంచి మనవళ్లకు అదే నీతిగా అందింది. పైగా వేటగాడు అడవిని తూచేది తన కంటికి కనిపించిన జింకలతో. రోజంతా చెట్టు మీద మంచెలో కూర్చుంటే నాలుగైదు జింకలు కనిపిస్తే అది మంచి ఏడాది. అదే అడవిలో ఓక్, హెమ్లాక్, సీడర్ మొలకలు చిగురు వేయకముందే జింకల నోట్లోకి పోతున్నాయని అటవీ నిపుణుడు ఆందోళన పడుతుంటాడు. ఇద్దరూ చూసేది ఒకే అడవిని, లెక్కపెట్టేది వేర్వేరు వాటిని. వేటగాళ్ల సర్వేలో "జింకలు తక్కువగా ఉన్నాయి" అనే జవాబు రావడానికీ, జింకలు నిజంగా తక్కువ ఉండటానికీ మధ్య దూరం ఇక్కడే మొదలవుతుంది.

1943లో ఒకసారి, 2011లో మరోసారి

విస్కాన్సిన్‌లో ఈ దూరం తొలిసారి పెద్ద రచ్చగా మారింది 1943లో. అడవులు తిరిగి పెరిగి, వేట ఆంక్షలు ఫలించి, ఉత్తర ప్రాంతంలో జింకలు విపరీతమయ్యాయి. చలికాలంలో మేత దొరక్క చనిపోతున్నాయి. వన్యప్రాణి నిర్వహణను ఒక శాస్త్రంగా నిలబెట్టినవారిలో ముఖ్యుడైన ఆల్డో లియోపోల్డ్ మాడిసన్‌లోని విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. ఆ ఏడాదే రాష్ట్ర సంరక్షణ కమిషన్‌లో సభ్యుడయ్యాడు. మంద తగ్గాలంటే ఆడవాటినీ కాల్చనివ్వాలని వాదించాడు. కమిషన్ ఒప్పుకుంది. మగ జింకలకు కొన్ని రోజులు, కొమ్ముల్లేని వాటికి కొన్ని రోజులు కేటాయించారు. ఆ సీజన్‌లో సుమారు 1,28,000 జింకలు చనిపోయాయి.

వేటగాళ్లు దాన్ని '43 నాటి నేరం' అన్నారు. ఉత్తర విస్కాన్సిన్‌లో లియోపోల్డ్‌ను తిట్టడానికే అన్నట్టు ఒక పత్రిక నడిచింది. ఆడ జింకల వేట మళ్లీ తెరవడానికి ఆ దశాబ్దం చివరిదాకా ఆగాల్సి వచ్చింది. లియోపోల్డ్ అప్పటికే, 1948లో, చనిపోయాడు. అతను చెప్పిన జీవశాస్త్రాన్ని తర్వాతి తరాల నిపుణులెవరూ తప్పని అనలేదు. వేటగాళ్ల మనసు విషయంలో మాత్రం కమిషన్ అంచనా తలకిందులైంది.

యాభై ఏళ్ల తర్వాత ఇంచుమించు అదే కథ. 1996లో కొన్ని ప్రాంతాల్లో 'ఎర్న్-ఎ-బక్' నిబంధన మొదలైంది. ముందు ఒక కొమ్ముల్లేని జింకను కాల్చి నమోదు చేయించాలి, ఆ తర్వాతే మగ జింకను కాల్చే హక్కు వస్తుంది. సంఖ్య తగ్గించడానికి ఇంతకంటే బాగా పనిచేసిన పద్ధతి విస్కాన్సిన్ చూడలేదనే చెప్పాలి. 2000 సీజన్‌లో రాష్ట్రంలో ఆరు లక్షలకు పైగా జింకలను వేటాడారు. అది రికార్డు.

కానీ జీవితంలో ఒకసారి ఎదురుపడే పెద్ద కొమ్ముల మగ జింక ముందు నిలబడితే, ఇంకా ఆడ జింక పడలేదు కాబట్టి వదిలేయాల్సిన పరిస్థితి. వేటగాళ్లకు ఇది మింగుడు పడలేదు. ఎక్కడ అడిగినా అసంతృప్తే. కోపం శాఖ గుమ్మం దాటి శాసనసభకు చేరింది. 2011లో చేసిన చట్టం ఎర్న్-ఎ-బక్‌ను రద్దు చేయడంతో పాటు, శాఖ దాన్ని మళ్లీ తెచ్చే అధికారాన్నీ తీసేసింది.  చివరికి శాఖ చేతిలోని మీటే చేజారింది.

హాలులో ఓటు వేరు, పోస్టులో వచ్చే ప్రశ్నలు వేరు

వేటగాళ్ల అభిప్రాయం అనగానే విస్కాన్సిన్‌లో గుర్తొచ్చేది కన్సర్వేషన్ కాంగ్రెస్. 1934లో ఏర్పడిన ఈ పౌర సంస్థకు మొత్తం 72 కౌంటీల్లోనూ ప్రతినిధులున్నారు. ఏటా ఏప్రిల్‌లో అన్ని కౌంటీల్లో ఒకే సాయంత్రం సభ పెట్టి, వేట, చేపల నిబంధనలపై డజన్ల కొద్దీ ప్రశ్నలకు అవును, కాదు అని జవాబులు తీసుకోవడం చాలాకాలం ఆనవాయితీ. ఓటేయడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. ఫలితం సలహా మాత్రమే. తుది నిర్ణయం గవర్నర్ నియమించే ఏడుగురు సభ్యుల సహజ వనరుల బోర్డుది, కొన్ని సంగతుల్లో శాసనసభది.

ప్రజాస్వామ్యంగా చూస్తే ముచ్చటైన ఏర్పాటే. సర్వేగా చూస్తే లోపం పుట్టుకతోనే ఉంది. విషయం మీద పట్టుదల ఉన్నవాళ్లే పనిగట్టుకుని వస్తారు. 2005లో యజమాని లేని పిల్లులను కాల్చేందుకు అనుమతించాలా అనే ప్రశ్న వచ్చింది. 6,830 మంది అవునన్నారు, 5,201 మంది కాదన్నారు. దేశమంతా నవ్వింది, తిట్టింది. గవర్నర్ అది ముందుకు సాగదని తేల్చేశారు. రాష్ట్ర జనాభా యాభై లక్షలు దాటిన చోట పన్నెండు వేల మంది స్వచ్ఛందంగా వచ్చి వేసిన ఓటు ఎవరి అభిప్రాయం? 2020లో కోవిడ్ వల్ల సభలు రద్దయి ఓటింగ్ అంతా ఆన్‌లైన్‌కు మారితే అరవై వేల మందికి పైగా పాల్గొన్నారు. సంఖ్య పెరిగినంత మాత్రాన లోపం పోదు. ఎవరు వస్తారన్నది ఇంకా వచ్చేవాళ్ల ఇష్టమే.

శాఖ సొంతంగా చేసే సర్వే తీరు వేరు. లైసెన్సు కొన్నవారి జాబితా దగ్గరే ఉంటుంది కాబట్టి, అందులోంచి లాటరీ తీసినట్టు కొన్ని వేల మందిని ఎంచి ప్రశ్నాపత్రం పంపుతారు. జవాబు రాకపోతే గుర్తుచేస్తూ ఉత్తరం, ఆ తర్వాత మళ్లీ ప్రశ్నాపత్రం. ఇలా ఎంచిన రెండు మూడు వేల మంది జవాబు, తమంతట తాముగా ఆన్‌లైన్‌లో వేసిన అరవై వేల మంది ఓటు కంటే నమ్మదగినది. కాలేజీలో గణాంకశాస్త్రం చదివినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు గానీ, "మేం అరవై వేల మందిమి చెప్పాం, మీరు వినలేదు" అనే వేటగాడికి ఇది చెప్పి ఒప్పించడం కష్టం.

లాటరీ పద్ధతికీ జబ్బులున్నాయి. జింకను కొట్టినవాడు సంతోషంగా ఫారం నింపుతాడు, ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడు పక్కన పడేస్తాడు. దాంతో వేట లెక్క ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. అందుకే జవాబివ్వని వారిలో కొందరికి ఫోన్ చేసి అడిగి, తేడా ఎంతుందో చూస్తారు. ఉత్తరాలకు జవాబులు రావడం కూడా పాత రోజులతో పోలిస్తే తగ్గింది.

ప్రశ్న ఎలా అడిగారన్నది ఇంకా ముఖ్యం. "మన అడవుల్లో పెద్ద కొమ్ముల జింకలు పెరగాలా?" అంటే కాదనేవాడు ఎవడు? "అందుకోసం ఈ సీజన్‌లో మీకు ఎదురైన చిన్న మగ జింకను వదిలేస్తారా?" అని అడిగితే చేతులు దిగిపోతాయి. మొదటి ప్రశ్నలో దొరికేది ఆశ, రెండోదాంట్లో ఆ ఆశకు ఇవ్వడానికి సిద్ధపడిన ధర. నిబంధనలకు పనికొచ్చేది రెండోదే. శాఖలపై వచ్చే ఆరోపణల్లో చాలావరకు మొదటి రకం ప్రశ్నల ఫలితాలను రెండో రకం నిర్ణయాలకు వాడటం వల్ల వచ్చినవే.

పక్క రాష్ట్రాలు ఏం చేశాయి

మిషిగన్ ఈ సమస్యకు ఒక గీత గీసింది. చిన్న కొమ్ముల మగ జింకలను కాల్చకూడదనే నిబంధనను ఏదైనా ప్రాంతంలో తప్పనిసరి చేయాలని వేటగాళ్ల బృందాలు కోరితే, అక్కడి వేటగాళ్లలో లాటరీ పద్ధతిలో సర్వే చేస్తారు. కనీసం 66 శాతం సరే అనాలి. 60 శాతం ఒప్పుకున్నా చాలదు. వాయవ్య ప్రాంతంలోని కొన్ని కౌంటీలు ఆ గీత దాటడంతో 2013లో అక్కడ నిబంధన అమల్లోకి వచ్చింది. సగానికి ఒకటి ఎక్కువైతే చాలదనడంలో ఒక తర్కం ఉంది. మెల్లగా సరే అనే 55 మంది కంటే గట్టిగా వద్దనే 45 మంది అడవిలో నిబంధనను దెబ్బతీయగలరు. వేల ఎకరాల అడవికి ఒకరిద్దరు వార్డెన్లు ఉన్నచోట చట్టం చాలావరకు వేటగాడి మనస్సాక్షి మీదే నడుస్తుంది.

పెన్సిల్వేనియా అందుకు పూర్తిగా భిన్నమైన దారి పట్టింది. 2002లో కొమ్ముల కొలత నిబంధనతో పాటు ఆడ జింకల వేటనూ బాగా పెంచింది. ఎలుగుబంట్ల పరిశోధకుడిగా పేరున్న గ్యారీ ఆల్ట్ అప్పట్లో జింకల విభాగానికి అధిపతి. అభిప్రాయం అడిగి ఆగిపోకుండా, రాష్ట్రమంతా తిరిగి సభలు పెట్టి అభిప్రాయం మార్చే ప్రయత్నం చేశాడు. కొమ్ముల నిబంధనను వేటగాళ్లు క్రమంగా ఒప్పుకున్నారు. మగ జింకలు ఒకట్రెండేళ్లు ఎక్కువ బతికి పెద్ద కొమ్ములతో కనిపించడం మొదలైంది కాబట్టి లాభం కళ్లకు కట్టింది. జింకల సంఖ్య తగ్గడం మాత్రం చాలామంది క్షమించలేదు. కోర్టు కేసులు, బెదిరింపులు వచ్చాయి. ఆల్ట్ 2004 చివర్లో శాఖ వదిలేశాడు. ఒకే సంస్కరణలో రెండు భాగాలకు రెండు గతులు పట్టాయి. తేడా జీవశాస్త్రంలో లేదు. ఒకదాని ఫలం వేటగాడికి దక్కింది, మరోదాని ఫలం అడవికి, రైతుకు దక్కింది.

జబ్బు వచ్చినప్పుడు

2002 ఫిబ్రవరిలో విస్కాన్సిన్‌లోని మౌంట్ హోరెబ్ ప్రాంతంలో వేటాడిన మూడు జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ బయటపడింది. వికృతమైన ప్రోటీన్ (ప్రియాన్) వల్ల వచ్చి జింక మెదడును తినేసే ఈ జబ్బుకు మందు లేదు, టీకా లేదు. మొదట కొలరాడోలో 1960ల చివర్లో కనిపించింది. మిసిసిపీ నదికి తూర్పున కనిపించడం మాత్రం అదే తొలిసారి.

శాఖ నిర్ణయం ప్రకారం, జబ్బు దొరికిన ప్రాంతంలో జింకలన్నింటినీ తుడిచిపెట్టాలి. అంటువ్యాధుల శాస్త్రం ప్రకారం అందులో తర్కం ఉంది. అమలు చేయాల్సింది మాత్రం ఆ పొలాల యజమానులు, ఆ ఊళ్ల వేటగాళ్లు. తమ తాతల కాలం నుంచి కాపాడుకున్న మందను సమూలంగా చంపడానికి వాళ్లలో చాలామంది ఒప్పుకోలేదు. కొందరు తమ భూముల్లోకి ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు. మనుషులకు ఈ జబ్బు సోకిన దాఖలా లేదని చెప్పినా, మాంసం మీద భయంతో కొందరు ఆ ఏడాది లైసెన్సే కొనలేదు. కొన్నేళ్లకు ఆ లక్ష్యాన్ని వదిలేశారు. ఇప్పుడు దక్షిణ విస్కాన్సిన్‌లో కొన్నిచోట్ల పెద్ద మగ జింకల్లో జబ్బు చాలా సాధారణం. దేశంలో ముప్ఫైకి పైగా రాష్ట్రాలకు అది పాకింది.

జబ్బు ప్రాంతంలో ఆడ జింకల వేట పెంచాలా అని ఈరోజు వేటగాళ్లను అడిగితే వచ్చే జవాబు మీద ఆ ఏళ్ల నీడ ఉంటుంది. "శాఖ మీద మీకు నమ్మకం ఉందా?" అనే ప్రశ్న సర్వేల్లో కనిపించడం అందుకే. ఆ ఒక్క జవాబు తెలిస్తే మిగతా చాలా జవాబులు ఊహించవచ్చు.

2014 తర్వాత: అభిప్రాయం పెరిగింది, అంకె తగ్గింది

జింకల లెక్కల మీద వేటగాళ్ల అనుమానాలు ముదరడంతో గవర్నర్ స్కాట్ వాకర్ 2011లో టెక్సాస్ పరిశోధకుడు జేమ్స్ క్రోల్‌ను సమీక్షకు నియమించాడు. 2012లో ఆయన నివేదిక ఇచ్చాడు. స్థానికులకు పగ్గాలు ఎక్కువ ఇవ్వాలన్నది అందులో ముఖ్య సారం. దాని ప్రకారం 2014 నుంచి కౌంటీ స్థాయి సలహా మండళ్లు వచ్చాయి. కన్సర్వేషన్ కాంగ్రెస్ ప్రతినిధులతో పాటు వ్యవసాయం, అటవీ, పర్యాటకం, రవాణా వంటి రంగాలవారికి అందులో చోటిచ్చారు. వాళ్లు ప్రజాభిప్రాయం తీసుకుని, మూడేళ్లకోసారి తమ కౌంటీకి లక్ష్యం సూచిస్తారు: జింకలు పెరగాలా, ఉన్నట్టే ఉండాలా, తగ్గాలా?

పాత పద్ధతిలో చదరపు మైలుకు ఇన్ని జింకలు అనే అంకె ఉండేది. కొత్త పద్ధతిలో దిశ మాత్రమే ఉంది. అంకె మీద గొడవ పోయింది, నిజమే. దాంతోపాటు లక్ష్యం నెరవేరిందో లేదో గట్టిగా నిలదీసే వీలు కూడా తగ్గింది.

2015లో మరో మార్పు వచ్చింది. అంతకుముందు కొట్టిన జింకను దగ్గర్లోని నమోదు కేంద్రానికి తీసుకెళ్లి చూపించాలి. ఆ ఏడాది నుంచి ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో చెబితే సరిపోతుంది. సౌకర్యమే గానీ, పెట్రోల్ బంకు ముందు ట్రక్కుల్లో వరసగా జింకలు కనిపించే దృశ్యం పోయింది. పక్కవాళ్లకు ఎన్ని పడ్డాయో కళ్లారా చూసే అవకాశం పోయాక, శాఖ ప్రకటించే అంకెను నమ్మడం ఇంకా కష్టమైందని చాలామంది వేటగాళ్ల ఫిర్యాదు.

సర్వే జాబితాలో లేనివాళ్లు

లైసెన్సుల జాబితాలోంచి ఎంచే సర్వేకు లైసెన్సు లేనివాడి గొంతు అందదు. మొక్కజొన్న, సోయా పోగొట్టుకునే రైతు, మొలకలు బతకని అటవీ యజమాని, హైవేలో జింకను గుద్దే డ్రైవర్ అందులో ఉండకపోవచ్చు. అమెరికాలో ఏటా పది లక్షలకు పైగా వాహన ప్రమాదాలకు జింకలు కారణమని బీమా సంస్థల అంచనా. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా శివార్లలో ఉండే తెలుగు కుటుంబాలు ఈ లెక్కలోకి వస్తాయి. జింకను గుద్దిన నష్టం 'కాంప్రహెన్సివ్' బీమాలో వస్తుందని, 'కొలిజన్' బీమాలో రాదని చాలామందికి ప్రమాదం అయ్యాకే తెలుస్తుంది. పెరట్లో తిరిగే జింకలు పిడుదులను మోసుకొస్తాయి, ఆ పిడుదుల వల్ల లైమ్ జబ్బు వస్తుంది. ఉత్తర విస్కాన్సిన్‌లో ఒప్పందాల ద్వారా వేట హక్కులు నిలుపుకున్న ఓజిబ్వే తెగల స్థానం మరీ ప్రత్యేకం. ఆ హక్కులను 1983లో ఫెడరల్ అప్పీల్ కోర్టు సమర్థించింది. వాళ్ల వాటాను ఏ అభిప్రాయ సేకరణా మార్చలేదు.

కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1980ల నుంచి చెబుతున్నది ఇదే. ఒక ప్రాంతం ఎన్ని జింకలను మేపగలదు అన్నది ఒక హద్దు. అక్కడి మనుషులు ఎన్నింటిని ఓర్చుకోగలరు అన్నది మరో హద్దు. రెండోది రైతుకు ఒకటి, వేటగాడికి ఒకటి, తోట పెంచుకునే ఇల్లాలికి ఇంకొకటి. 1990 నుంచి న్యూయార్క్ రాష్ట్రం ఈ వర్గాలన్నింటినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి లక్ష్యం తేల్చమనే పౌర బృందాలను నడిపింది.

మన దగ్గర ఈ ప్రశ్న వేరే రూపంలో ఉంది. నారాయణపేట, కర్నూలు వైపు కృష్ణజింకలు పంట మేస్తున్నాయని రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అడవి పందుల విషయంలో వన్యప్రాణి చట్టం సెక్షన్ 11 కింద షరతులతో అనుమతులిచ్చే వీలుంది. ఇక్కడ వేటగాళ్లు లేరు కాబట్టి వాళ్ల సర్వే ప్రసక్తి రాదు. అయితే రైతు ఎంతవరకు ఓర్చుకోగలడో ఒక పద్ధతి ప్రకారం కొలిచే ఏర్పాటు కూడా లేదు. నష్టపరిహారం దరఖాస్తులే మనకు దొరికే కొలత. దరఖాస్తు పెట్టే ఓపిక, కాగితాలు ఉన్నవాళ్లే అందులో కనిపిస్తారు.

మిగిలిన పర్మిట్లు

ఇప్పుడు దక్షిణ, మధ్య విస్కాన్సిన్‌లోని చాలా కౌంటీల్లో సమస్య తిరగబడింది. లైసెన్సుతో పాటు కొమ్ముల్లేని జింకల పర్మిట్లు (ట్యాగులు) ఒకటికి మించి ఉచితంగా ఇస్తున్నారు. నిబంధనల వైపు నుంచి అడ్డేమీ లేదు. అయినా చాలా ట్యాగులు వాడకుండానే మిగిలిపోతున్నాయి. ఒక కుటుంబం ఫ్రీజర్‌లో ఒకటి రెండు జింకల మాంసం పట్టేసరికి నిండుతుంది. మూడోది కాల్చడానికి కారణం ఉండదు. దీనికితోడు అరవైలు దాటుతున్న తరం వేట మానేస్తోంది, ఆ స్థానంలో కుర్రాళ్లు అంతమంది రావడం లేదు.

ఈ స్థితిలో "ఏ నిబంధన కావాలి" అనే పాత ప్రశ్నకు వచ్చే జవాబుతో శాఖకు పెద్దగా ఉపయోగం లేదు. ఇంకో ఆడ జింకను కాల్చాలంటే వేటగాడికి ఏం కావాలి? మాంసం కోసి ఇచ్చే ఖర్చు ఎవరైనా భరిస్తే చాలా, ఆహార బ్యాంకుకు సులువుగా ఇచ్చే ఏర్పాటు ఉంటే చాలా, జబ్బు పరీక్ష ఫలితం త్వరగా వస్తే చాలా, పక్క పొలంలోకి అనుమతి దొరికితే చాలా? రాబోయే కోటాలు నిండుతాయా అన్నది ఎక్కువగా ఈ జవాబుల మీదే ఆధారపడి ఉంది.